ఓడ ఎక్కనన్నారు

జనవరి 9, 1982. శనివారం

బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ. కూరల చీటీలు రాసుకోవడానికి పనికొస్తుందని తెచ్చాను. ఇవాళ రాయదగ్గ సంగతి ఒకటి జరిగింది. భోజనాల దగ్గర మూర్తి ఏకబిగిన నాలుగు మాటలు మాట్లాడాడు.

ఎదురుగా అయితే ‘ఏవండీ’ అంటాను. ఇక్కడ నన్నెవరు చూడొచ్చారు, మూర్తి అనే రాసుకుంటాను.

“మే నెలాఖరుకి అమ్మ వెళ్ళిపోవాలి కదా. లండన్ దాకా మనమూ వెళ్దాం హైమా. అక్కడ కారు రెంట్ చేసి, డోవర్‌లో ఫెర్రీ ఎక్కి, ఫ్రాన్సూ బెల్జియం చూపించి, జర్మనీలో అమ్మని విమానం ఎక్కిద్దాం. ఏమంటావు?”

‘ఏమంటావు’ అని నన్ను అడిగి ఎన్నాళ్ళయింది! పోయిన ఏప్రిల్ నుంచీ ఈ ఇంట్లో ‘పాలు అయిపోయాయి’, ‘కారులో గ్యాస్ కొట్టించాను’ తప్ప మాటల్లేవు. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. నేను ఏడ్చాను. తను ఏడవలేదు. ఆఫీసుకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చిన్న గదికి నేను ఏరికోరి తెచ్చిన పసుపు రంగు మూడు గోడలకి వేశాడు. నాలుగోది తెల్లగా అలాగే ఉంది, బ్రష్షు డబ్బాలోనే ఎండిపోయింది. నవంబర్లో ఇండియా నుంచి అత్తయ్యగారు వచ్చాక ఆ గది ఆవిడకిచ్చాం.

“సెలవు దొరుకుతుందో లేదో” అన్నాను బెట్టుగా. దొరుకుతుంది. సోమవారమే అడుగుతాను.

జనవరి 13, బుధవారం

అయిపోయింది. అత్తయ్యగారు ససేమిరా అన్నారు.

“ఓడా? నేను ఎక్కను. మనవాళ్ళు సముద్రం దాటకూడదు.”

మూర్తి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “అమ్మా, అట్లాంటిక్ దాటే కదే ఈ ప్లెయిన్స్‌బరో వచ్చావు!”

“ఎవడన్నాడు? విమానంలో వచ్చాను. కాలు నేలకీ తగల్లేదు, నీటికీ తగల్లేదు. పక్షి సముద్రం దాటితే దానికి దోషం ఏవిటిరా?”

“ఓడలో కూడా నీ కాలు నీటికి తగలదమ్మా.”

“ఓడకి తగులుతుందిగా నీరు. నేను ఓడకి తగులుతానుగా. అంత చదువు చదివావు, ఈమాత్రం తెలీదూ?”

మడి మనిషి అని తెలుసు. షవర్ రాడ్డు మీద మడిచీర ఆరేసి, దానికి తగలకుండా మమ్మల్ని వంగి వెళ్ళమంటారు. ఆవిడ కుక్కరు నేను ముట్టుకోకూడదు. అన్నీ సరేననుకున్నాను, ఎందుకంటే ఆవిడ మనసు వెన్న. కానీ ఇదేం పట్టుదల! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

జనవరి 14

నాకేం బాధ? ఆఫీసులో నోరు విడిచి సెలవు అడిగేశాను, అదొక్కటే బాధ.

జనవరి 24, ఆదివారం

ప్రయాణం మాట ఇంతటితో సరి అనుకున్నాను. మూర్తి వదల్లేదు. కార్లున్నవాళ్ళ ఆటో క్లబ్బు నుంచి యూరప్ మ్యాపు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. చుట్టుకుపోకుండా డోవర్ మీద ఆవకాయ జాడీ, బ్రస్సెల్స్ మీద ఉప్పు డబ్బా పెట్టాడు. ఇంక సాయంత్రమంతా తల్లికి వినబడేలా ఉపన్యాసం.

“పూర్వం ఋషులు ఓడలెక్కి ద్వీపాంతరాలు వెళ్ళలేదా?”

“వాళ్ళు స్నానం చేసి ఎక్కుంటారు. నువ్వివాళ స్నానం చేశావా?” అని చిన్న గదిలోంచి జవాబు.

చెయ్యలేదు. ఆదివారం కదా. నేను నవ్వు దాచుకోవడానికి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడ్డాను.

తర్వాత వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. “ఎలా ఒప్పిద్దాం హైమా? నువ్వు చెబితే వింటుందేమో.”

“మీ అమ్మ, మీరే చెప్పుకోండి” అన్నాను. అన్నాను గానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం, దొంగల్లాగా. గిన్నెలు సింకులోనే ఉండిపోయాయి.

ఫిబ్రవరి 6, శనివారం

హోవర్‌క్రాఫ్ట్!

ట్రావెల్ ఏజెంటు దగ్గర్నుంచి రంగుల బ్రోచరు తెచ్చి, మంచు బూట్లతోనే కార్పెట్ మీదకి వచ్చేశాడు. మనుషుల్నీ కార్లనీ ఎక్కించుకుని, కిందికి గాలి ఊదుకుంటూ, నీటికి కాస్త ఎత్తున పోయే బండి అట. “నీళ్ళని తాకదు హైమా! వాళ్ళు కూడా ఫ్లైటు అనే అంటారు. అరగంటలో అవతలి ఒడ్డు!” మొదటిసారి కారు కొన్నప్పుడు చూశాను ఆ మొహం. కార్పెట్ సంగతి ఎత్తబుద్ధి కాలేదు.

అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు. “కళ్ళారా చూస్తే నమ్ముతాను.”

“ఇక్కడెలా చూపించనమ్మా?”

“ఇంజనీరువేగా. మందుల కంపెనీలో అంతంత మిషన్లు నడుపుతున్నానంటావు.”

ఫిబ్రవరి 14, ఆదివారం

బాత్‌టబ్బు నిండా నీళ్ళు. అత్తయ్యగారే రాడ్డు మీంచి తన మడిచీర తీసి పక్కకి పెట్టుకున్నారు, ఎప్పుడూ లేనిది. మూర్తి కాగితం పళ్ళేనికి మధ్యలో కన్నం పెట్టి, దానికి బెలూన్ బిగించాడు. బాత్‌రూమ్‌లో ముగ్గురం, కదలడానికి చోటు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని బెలూన్ వదిలాడు. పళ్ళెం బుస్సుమంటూ టబ్బు ఈ చివర్నించి ఆ చివరకి పోయింది.

“చూశావా! తాకలేదు!”

అత్తయ్యగారు నెమ్మదిగా వంగి పళ్ళెం తీసి తిరగేశారు. “మరి అడుగు తడిసిందేం?”

నేను ఆపుకోలేక కమోడ్ మూత మీద కూలబడ్డాను. అప్పుడు తనూ నవ్వాడు. చొక్కా చేతులు తడిసిపోయి, టబ్బు అంచు పట్టుకుని, కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు చివర ముక్కుతో ఒక చిన్న చప్పుడు వస్తుంది. ఇంకా వస్తోంది. నేను ఆ సంగతే మర్చిపోయాను.

అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. మడిచీర మళ్ళీ రాడ్డు మీద ఆరేసుకుని వెళ్ళిపోయారు. రాయి కరుగుతుంది గానీ ఆవిడ కరగరు.

ఫిబ్రవరి 27, శనివారం

మూర్తి న్యూయార్కులో గుడి పూజారిగారికి ఫోన్ చేశాడు. నన్ను వంటింటి ఫోనెత్తి వినమన్నాడు, రేపు సాక్ష్యం కావాలిట.

“హోవర్‌క్రాఫ్ట్ సముద్రయానం కిందికి వస్తుందాండీ?”

“ఎంతసేపు నాయనా?”

“అరగంటేనండీ.”

“అందులో భోజనం పెడతారా?”

“అబ్బే. మహా అయితే బిస్కట్లు.”

“మరింకేం? పూర్వం చిక్కంతా ఓడలో వండిన అన్నంతోనే. బిస్కట్లు ముట్టుకోవద్దని అమ్మగారితో చెప్పండి, చాలు.”

గెలిచామనుకున్నాం. మూర్తి నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. అత్తయ్యగారు అంతా శ్రద్ధగా విన్నారు. “ఆయన చెప్పింది అన్నం సంగతి. ఉప్పుగాలి మొహాన కొడుతుందే, దానిమాట? అది సముద్రస్నానం లెక్కే. పర్వదినం కాని రోజున సముద్రస్నానం కూడదు.”

మూర్తి ఆవిడ పంచాంగమే తీశాడు. “మే ఇరవై రెండు అమావాస్య. ఆరోజే దాటుదాం.”

“అమావాస్యనాడు ప్రయాణమా? మతుండే మాట్లాడుతున్నావా?”

స్నానానికి అమావాస్య కావాలి, ప్రయాణానికి అమావాస్య కాకూడదు. ఇద్దరం టేబుల్ దగ్గర తలలు పట్టుకుని కూర్చున్నాం. చివరికి నాకే తట్టింది. “మన ప్రయాణం గురువారం న్యూయార్కులో మొదలవుతుంది కదండీ. మధ్యలో అమావాస్య తగిలితే మన తప్పా?”

మూర్తి నాకేసి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. “నువ్వు లాయరువి కావలసింది.”

పెద్దావిడ మీద ఇద్దరం కలిసి కుట్ర పన్నుతున్నామని కొంచెం సిగ్గుగానే ఉంది. కొంచెమే.

మార్చి 14, ఆదివారం

ఇంగ్లండులో ఎడమవైపు నడపాలి, ఓడ దిగగానే కుడివైపు. అందుకని షాపింగ్ సెంటర్ పార్కింగ్ లాట్ ఖాళీగా ఉన్నప్పుడు రిహార్సల్. మూర్తి ఎడమవైపు నడుపుతున్నాడు, నేను ‘ఇప్పుడు ఓడ దిగాం!’ అని అరిస్తే కుడివైపుకి మారాలి. వెనక సీట్లోంచి అత్తయ్యగారు, “ఓడ అనకు. నేను ఒప్పుకోలేదు ఇంకా.”

మార్చి 27, శనివారం

లండన్‌లో కారు బుక్ చెయ్యడానికి మూర్తి ఫోన్ చేశాడు. ఎంతమంది అని అడిగినట్టున్నారు.

“ఫోర్” అన్నాడు.

నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

“నో. సారీ. త్రీ.”

ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరక్కుండా చెప్పాడు. “ఈ ప్రయాణం పోయిన ఏడే అనుకున్నాను. అమ్మ వస్తుంది, ఈ వేసవి నాటికి పాప అడుగులేస్తుంది, నలుగురం వెళ్దామని. నీకు సర్‌ప్రైజ్‌గా చెబుదామనుకున్నాను.”

పాప అన్నాడు. ఆ మాట మా మధ్యకి రావడం అదే మొదలు. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఈ మనిషి మ్యాపులు మనసులో పెట్టుకుని తిరిగాడు. నా పక్కన కింద కూర్చుని నా మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. చిక్కుడు గింజలు నేలంతా దొర్లిపోయాయి. చిన్న గదిలో అత్తయ్యగారి జపం ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆవిడ బయటికి రాలేదు.

మార్చి 28

నిన్నటి చిక్కుడుకాయలు ఇవాళ వండాను. బాగున్నాయన్నాడు.

ఏప్రిల్ 20, మంగళవారం

ఏడాది.

మూర్తి ఆఫీసుకి వెళ్ళలేదు. కెనాల్ గట్టున ఇద్దరం చాలా దూరం నడిచాం. ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు కొత్త అభ్యంతరంతో తయారు. ఆ హోవర్‌క్రాఫ్ట్‌లో పక్కన ఎవరు కూర్చుంటారో, ఏం తిన్నవాళ్ళో! ఇవాళ కూడానా అని నాకు ఒళ్ళు మండిపోయింది. కొంచెం జాలి కూడా లేదా మనిషికి, ఇవాళేమిటో తెలీదా? మూర్తి మాత్రం చొక్కా చేతులు మడుచుకుని వాదనకి దిగాడు.

మే 9, ఆదివారం

ఒప్పుకున్నారు! హోవర్‌క్రాఫ్ట్ అయితేనే, అమావాస్య అయితేనే, పక్కన నేను కూర్చుంటేనే. వీసాలన్నీ వచ్చేశాయి.

సూట్‌కేసు సర్దుతూ శొంఠిపొడీ నిమ్మకాయలూ నా చేతిసంచీలో పెట్టించారు. “కడుపు ఖాళీగా ఉంచుకోకు, నిండుగానూ ఉంచుకోకు. అంచున కూర్చోకు, నడిమధ్య కూర్చో. నీళ్ళకేసి చూడకు. దూరంగా ఆకాశం దిగిన గీత ఉంటుందే, దాన్నే చూడు, కడుపులో తిప్పదు.”

“మీకివన్నీ ఎవరు చెప్పారండీ?”

“అందరికీ తెలిసిందే.”

నాకు తెలీదు.

మే 22, శనివారం. ఫ్రాన్స్ ఒడ్డున కలే ఊరు, హోటల్లో

అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

పొద్దున్న డోవర్ చేరేసరికి కారు తలుపు తెరవనివ్వనంత గాలి. సముద్రం బూడిద రంగులో లేచి లేచి పడుతోంది. హోవర్‌క్రాఫ్ట్ టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు పెట్టేశారు: గాలివల్ల ఫ్లైట్లన్నీ రద్దు, టికెట్లున్నవాళ్ళని పెద్ద ఓడలోకి పంపుతాం అని.

మూర్తి వెళ్ళి ఆ అమ్మాయితో వాదించాడు, బతిమాలాడు. సముద్రంతో ఎవరు వాదిస్తారు? తడిసిన కోటుతో తిరిగి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. “అమ్మా, అది లేదు. ఓడ ఒక్కటే ఉంది. నీకిష్టం లేకపోతే వెనక్కి పోదాం. లండన్‌లోనే విమానం ఎక్కిస్తాను. బలవంతం లేదు.”

ఫ్రాన్స్ చూడకపోతే చచ్చిపోను. కానీ ఈ ప్రయాణం చుట్టూనే మా ఇద్దరికీ మళ్ళీ మాటలొచ్చాయి. ఇది ఇక్కడ ఆగిపోతే, అత్తయ్యగారిని పంపించేసి, ఇద్దరం ఆ మూగ ఇంటికి తిరిగి వెళ్తాం. పాలు అయిపోయాయి. గ్యాస్ కొట్టించాను. ఆ ఇంట్లో ఇంకో ఏడాది నేను బతకలేను. ఇన్నాళ్ళూ సెలవు, సెలవు అని రాశాను. సెలవు కాదు నా బాధ.

అత్తయ్యగారు కొంగు తలమీదకి లాక్కుని, పైన స్వెట్టరు బొత్తాం పెట్టుకుని లేచారు. “ఇక్కడ నిలబడి మాట్లాడుతుంటే ఓడ వెళ్ళిపోదూ? పదండి.”

“అమ్మా, అది ఓడమ్మా!”

“కనబడుతోందిలేరా. మేడంత ఉంది, నాకేం కళ్ళు పోలేదు.”

కారు ఓడ కడుపులో పెట్టి పైకి వచ్చాం. బయల్దేరిన కాసేపటికే మూర్తి పని అయిపోయింది. నిమ్మకాయ వాసన చూస్తూ లోపల బెంచీ మీద వాలిపోయాడు. జనం గోడలు పట్టుకుని నడుస్తున్నారు. అత్తయ్యగారు మాత్రం ఏదీ పట్టుకోకుండా, కాళ్ళు కాస్త ఎడంగా వేసి, ఓడ ఎటు ఒరిగితే అటు ఒరుగుతూ నడిచి, సరిగ్గా నడిమధ్య కుర్చీలో కూర్చున్నారు. నేను చూస్తూ నిలబడిపోయాను.

“అత్తయ్యగారూ. మీరు ఇంతకుముందు ఓడెక్కారు.”

“కూర్చో, పడతావు.” కిటికీలోంచి దూరంగా గీతకేసి చూస్తున్నారు. “రంగూన్. నాకు ఎనిమిదేళ్ళు. మా నాన్నకి అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా పని. కాకినాడలో ఎక్కితే రోజుల తరబడి ప్రయాణం. గాలొస్తే బిందెలు దొర్లేవి, ఇదేం గాలి? పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.”

“ఆయనకి తెలుసా?”

“మీ మావగారికే తెలీదు. ఓడెక్కిన పిల్లంటే ఆ ఇంట్లో చేసుకునేవారా? మావాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు. అలా అలవాటైపోయింది.”

“మరి ఇన్ని నెలలూ... పక్షి, ఉప్పుగాలి, పర్వదినం?”

“మొదటిరోజు నిజంగానే అన్నానే. అలవాటుకొద్దీ నోటికొచ్చింది. తర్వాత మీరిద్దరూ వంటింట్లో చేరి గుసగుసలాడుకోవడం వినబడింది. నేనొచ్చాక మీ గొంతులు రెండూ కలిసి వినబడడం అదే మొదలు. ఓహో, నేను వద్దంటే వీళ్ళు మాట్లాడుకుంటారన్నమాట అనుకున్నాను. ఇంక ఎందుకు ఒప్పుకుంటాను?”

నేను వెనక్కి తిరిగి బెంచీ మీది మూర్తికేసి చూశాను.

“వాడు అచ్చం వాళ్ళ నాన్నే. దుఃఖం వస్తే నోరు కుట్టేసుకుంటారు. వాదన పెడితే మాత్రం ఉండలేరు. వీడికి ముందు నాకూ ఒకడు పురిట్లోనే పోయాడు. మీ మావగారు నాతో మాట్లాడడం మానేశారు. చూశాను, చూశాను. చింతపండు విడిచిపెడతానని మొక్కుకున్నానని చెప్పాను. ఇంట్లో చారు లేదు, పులుసు లేదు, పచ్చడి లేదు. ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఒకనాడు విస్తరి ముందు కూర్చుని ఇల్లెగిరిపోయేలా అరిచారు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. సంతోషంతో.”

“ఏప్రిల్ ఇరవైన కూడా...” అన్నాను. ఆరోజు మనసులో ఆవిడని తిట్టుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

“ఆరోజు మరీనూ. ఇద్దరూ కెనాల్ నుంచి వచ్చి ఎవరి మూల వాళ్ళు చేరతారని భయమేసింది. ఏదో ఒకటి అనాలిగా. తొందర్లో ఏమీ తోచలేదు, పక్కన ఏం తిన్నవాళ్ళు కూర్చుంటారో అన్నాను.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. మడీ మైలా అడగలేదు. రెండో చేత్తో నా తల నిమిరారు.

“చాల్లే, వాడు చూస్తే సముద్రమంటే భయపడ్డావనుకుంటాడు. అదుగో, అమ్ముతున్నారే బిస్కట్లు, రెండు పట్రా. వాడికి మాత్రం చెప్పకు.”

“బిస్కట్ల సంగతా?”

“అన్నీ. ఎప్పుడు ఏది పనికొస్తుందో.”

మే 29, శనివారం. ఫ్రాంక్‌ఫర్ట్

ఎక్కించాం. విమానం కనబడకుండా పోయేదాకా మూర్తి గాజుగోడ దగ్గర నిలబడ్డాడు. కారులో నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంగ్లండు కారు, ఎడమ చేత్తో గేరు మార్చాలి. మార్చినప్పుడల్లా వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

జూన్ 13, ఆదివారం

ఇంటికి వచ్చి వారం దాటింది. షవర్ రాడ్డు ఖాళీగా ఉంది, అయినా అలవాటుగా వంగి వెళ్తున్నాను. డైనింగ్ టేబుల్ మీద మ్యాపు లేదు. నిన్న భోజనాల దగ్గర ఉప్పు అందుకోమన్నాడు, అందించాను. అంతే. నాకు భయం వేసింది.

ఇవాళ చిన్న గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గరాజ్‌లోంచి కొత్త రంగు డబ్బా తెచ్చి మూత తీశాడు. కొత్త బ్రష్షు కూడా కొన్నాడు, నాకు చెప్పకుండా.

“నాలుగో గోడ కూడా వేసేస్తాను హైమా. అదే పసుపు.”

ఆ పసుపు నేను మూడు దుకాణాలు తిరిగి ఏరింది. ఆ రంగంటే నాకు ప్రాణం. ‘వెయ్యండి’ అనబోయాను. అంటే వేసేసి, బ్రష్షు కడుక్కుని, చేతులు తుడుచుకుని, టీవీ ముందు కూర్చునేవాడు.

“వద్దు” అన్నాను. “పసుపేం బాగుంటుందండీ?”

“అదేమిటి! నువ్వే కదా ఏరావు?”

“ఏరాను. ఇప్పుడు వద్దంటున్నాను.”

బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని, మోచేతులు ఆనించి కూర్చున్నాడు. “సరే. ఎందుకు వద్దో చెప్పు.”

పొయ్యి మీద చారు మరుగుతోంది. కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.